పేరు పేరునా ఒక దేశం లెక్క

95,940. బోస్నియా హెర్జెగోవినాలో 1992 నుంచి 1995 దాకా సాగిన యుద్ధంలో చనిపోయినవారు, ఆచూకీ దొరకనివారు కలిపి ఇంతమంది అని సరయెవోలో మిర్సాద్ తొకాచా నడిపిన పరిశోధన కేంద్రం తేల్చింది. యుద్ధం ఆగాక చాలా ఏళ్లపాటు అక్కడ వినిపించిన అంకెలు వేరు. 2 లక్షలు అన్నవారున్నారు, రెండున్నర లక్షలు అన్నవారూ ఉన్నారు. ఒక వర్గం తన మృతుల సంఖ్య పెంచి చెప్పేది, ఎదుటి వర్గం దాన్ని కొట్టిపారేసేది. తొకాచా బృందం ఆ వాదనల జోలికి పోకుండా ఒక్కొక్కరి పేరు, పుట్టిన ఊరు, ప్రాణం పోయిన చోటు రాసుకుంటూ వెళ్లింది. చివరికి 57,701 మంది సైనికులు, 38,239 మంది పౌరులు లెక్కకొచ్చారు. ఆ పౌరుల్లో పదింట ఎనిమిది మంది బోస్నియాక్ ముస్లింలు.

సంఖ్య సగానికి పైగా తగ్గడం కొందరికి మింగుడుపడలేదు, మా దుఃఖాన్ని తగ్గించారని బాధపడ్డారు. నాకైతే ఆ దేశం కోలుకోవడంలో ఇదే అతి ముఖ్యమైన పని అనిపిస్తుంది. లక్షల్లో చెప్పిన సంఖ్యను కాదనడం తేలిక. ఫలానా ఊరివాడు, ఫలానా రోజున పోయాడు అని రాసి పెట్టాక కాదనడం కష్టం.

1991 జనాభా లెక్కల్లో ఆ దేశంలో 43.77 లక్షల మంది ఉన్నారు. యుద్ధంలో దాదాపు 22 లక్షల మంది ఇల్లు వదిలారు. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరు. 12 లక్షల మంది దేశం దాటిపోయారు, మిగతావారు లోపలే ఒకచోటి నుంచి మరోచోటికి చేరారు. బోస్నియాక్‌లు, సెర్బులు, క్రొయేట్లు అనే మూడు వర్గాలవారు కలిసి బతికిన ఊళ్లు ఒక్కో వర్గానివిగా మారిపోయాయి. 1995 చివర్లో కుదిరిన డేటన్ ఒప్పందం దేశాన్ని 51 శాతం, 49 శాతంగా రెండు పాలనా భాగాలు చేసింది. అదే ఒప్పందంలోని ఏడో అనుబంధం మాత్రం, ప్రతి ఒక్కరికీ తమ సొంత ఇంటికి తిరిగి వెళ్లే హక్కుందని రాసింది.

ఆ హక్కును అమలు చేయడం ఎంత చిక్కో చూడండి. మీ ఇంట్లో ఇప్పుడు వేరొకరున్నారు. వాళ్లూ ఎక్కడి నుంచో తరిమేస్తే వచ్చినవాళ్లే. వాళ్లను కదిలించాలంటే వాళ్ల ఇల్లు ఖాళీ కావాలి, అక్కడ ఇంకెవరో ఉన్నారు. 1999 తర్వాత అంతర్జాతీయ అధికారులు ఒకే నియమం పట్టుకున్నారు: ఎవరి దరఖాస్తు ముందొస్తే వారిది ముందు తేల్చాలి, వర్గం చూడకూడదు. 2 లక్షలకు పైగా వచ్చిన దరఖాస్తుల్లో 90 శాతానికి మించి కొన్నేళ్లలోనే పరిష్కారమయ్యాయి. యుద్ధం తర్వాత ఇంత పెద్ద ఎత్తున ఇళ్లు వెనక్కి ఇప్పించిన దేశాలు అరుదు. 2004 సెప్టెంబరుకు తిరిగొచ్చినవారి సంఖ్య 10 లక్షలకు చేరిందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ప్రకటించింది.

ఇక్కడే అంకెను జాగ్రత్తగా చదవాలి. తాళంచెవి చేతికొచ్చినవాళ్లలో చాలామంది ఇల్లు అమ్మేశారు, లేదా తమవాళ్లు ఎక్కువగా ఉన్న చోట మరో ఇంటితో మార్చుకున్నారు. తమ వర్గం తక్కువగా ఉన్న ప్రాంతాలకు వచ్చినవారు నాలుగున్నర లక్షల దాకా ఉంటారు. వాళ్లలోనూ వయసు మళ్లినవారే ఎక్కువ. ఉద్యోగం దొరకదు, పిల్లల చదువు వేరే వర్గం పాఠ్యప్రణాళికలో, పింఛను, వైద్య బీమా రెండు పాలనా భాగాల మధ్య గీతకు అవతల ఒక తీరు, ఇవతల మరో తీరు.

ప్రియెదోర్ పట్టణం సంగతి చెప్పకుండా ఉండలేను. 1992 మే 31న అక్కడి సెర్బు పాలకులు, సెర్బులు కానివారు ఇళ్ల మీద తెల్లగుడ్డ ఎగరేయాలని, చేతికి తెల్ల పట్టీ కట్టుకోవాలని ఆదేశించారు. ఓమర్స్కా, కెరతెర్మ్ నిర్బంధ శిబిరాలు అక్కడివే. ఆ ప్రాంతంలో 3,000 మందికి పైగా చనిపోయారు, వారిలో 102 మంది పిల్లలు. అయినా ఆ పక్కనే ఉన్న కోజరాత్స్‌కు జనం తిరిగొచ్చి, నేలమట్టమైన పట్టణాన్ని విదేశాల్లో సంపాదించిన డబ్బుతో కట్టుకున్నారు. వేసవిలో ఆ వీధులు కిటకిటలాడతాయి, సెలవులు అయిపోతే చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గల్ఫ్ సొమ్ముతో కట్టి తాళం వేసిన ఇళ్లు మన కోనసీమలోనూ ఉన్నాయి గానీ, అక్కడివాళ్లు ఒకప్పుడు తమను తరిమిన ఊరిలోనే వాటిని కట్టారు. ఆ 102 మంది పిల్లలకు ప్రియెదోర్ నడిబొడ్డున ఒక స్మారకం కావాలని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడిగారు.

ఇక ఆచూకీ లేనివారు. యుద్ధం ముగిసేసరికి వీరు 30,000 మందికి పైనే. స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో చంపిన దాదాపు 8,000 మంది పురుషుల, బాలుర శవాలను మొదట పూడ్చిన గోతుల నుంచి యంత్రాలతో తవ్వి వేరేచోట్లకు తరలించారు. అందుకే ఒకే మనిషి ఎముకలు వేర్వేరు గోతుల్లో దొరికాయి. 1996లో ఏర్పడిన గల్లంతైనవారి అంతర్జాతీయ కమిషన్, బంధువుల రక్తాన్ని ఎముకల డీఎన్‌ఏతో పోల్చే పద్ధతి పెట్టింది. ప్రయోగశాలకు చేరే నమూనా మీద పేరుండదు, వర్గం ఉండదు, బార్‌కోడ్ ఒక్కటే ఉంటుంది. మూడు వర్గాల తల్లులూ ఒకే ప్రయోగశాలకు రక్తం ఇచ్చారు. నాలుగింట మూడొంతుల మంది జాడ ఇప్పటికి తెలిసింది, 7,000 మందికి పైగా ఇంకా తెలియాలి. దొరికిన రెండు ఎముకలకే అంత్యక్రియలు చేయాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా అన్నది ప్రతి కుటుంబం తనకు తానే తేల్చుకోవాలి.

బతికినవారి కథలను పోగుచేసినవాడు యాస్మింకో హలిలోవిచ్. యుద్ధం మొదలైనప్పుడు అతను పసివాడు. యుద్ధంలో బాల్యం అంటే మీకేమిటి అని 2010లో తన తరంవారిని అడిగి, జవాబు 160 అక్షరాలకు మించొద్దన్నాడు. వెయ్యి మందికి పైగా రాశారు. అవి 2013లో పుస్తకమయ్యాయి, 2017 జనవరిలో సరయెవోలో యుద్ధబాల్య మ్యూజియం తెరిచారు. ఒక్కో బొమ్మ, ఒక్కో చొక్కా పక్కన దాని యజమాని కథ ఉంటుంది.

మరి ఆ తరం తర్వాత పుట్టిన పిల్లలు? ఒకే కప్పు కింద రెండేసి చొప్పున నడిచే బడులు దేశంలో 50కి పైగా ఉన్నాయి. ఒకే కట్టడంలో క్రొయేట్ పిల్లలు ఒక పాఠ్యప్రణాళిక, బోస్నియాక్ పిల్లలు మరొకటి చదువుతారు, చాలాచోట్ల ద్వారాలూ వేరు. యైత్సె పట్టణంలో కలిసి చదువుతున్న హైస్కూలు విద్యార్థులను కూడా ఇలాగే విడదీసి, కొత్త బడి పెట్టాలని ప్రాంతీయ ప్రభుత్వం తలపెట్టింది. క్రొయేట్, బోస్నియాక్ పిల్లలు కలిసి వీధిలోకి వచ్చారు. 2017లో ఆ ప్రతిపాదన ఆగిపోయింది. మరుసటి ఏడాది ఐరోపా భద్రతా సహకార సంస్థ తరఫున ఇచ్చే మాక్స్ వాన్ డెర్ స్టూల్ పురస్కారం ఆ విద్యార్థులకు దక్కింది.