మీకు తెలుసా? ఇంట్లో చూసేందుకు మొదలై థియేటర్‌కు చేరిన ‘ఘాజీ’

2017 ఫిబ్రవరి 17న థియేటర్లకొచ్చిన ‘ఘాజీ’ నిజానికి యూట్యూబ్ కోసం మొదలైన కథ. దర్శకుడు సంకల్ప్ రెడ్డి సొంత డబ్బుతో జలాంతర్గామి సెట్ వేయడం మొదలుపెట్టాడు. తర్వాత విజయవాడకు చెందిన పొట్లూరి వరప్రసాద్, అదే పీవీపీ, నిర్మాణంలోకి వచ్చాక అది పెద్ద తెరకెక్కింది.

సినిమాలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీతో తలపడేది ఎస్-21 అనే భారత జలాంతర్గామి. చరిత్రలో అలా జరగలేదు. 1971 భారత్-పాక్ యుద్ధంలో డిసెంబర్ 3-4 రాత్రి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక విశాఖ తీరంలో నీటిలోకి బాంబులు జారవిడిచింది, ఘాజీ మునిగింది వాటివల్లేనని మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడే కారణమంటుంది పాకిస్తాన్. 90 మందికి పైగా ఉన్న సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. ఘాజీ వేటాడ్డానికొచ్చిన మన విమానవాహక నౌక విక్రాంత్ మాత్రం అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది! వేటగాణ్ణి ఇలా ఏమార్చడం సినిమా కథకన్నా రసవత్తరం.

తెలుగు, హిందీ భాషల్లో తీసిన ఈ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు గెలిచింది. పాటలు, ఫైట్లు లేకుండా, ఎక్కువభాగం ఇరుకు గదుల్లోనే నడిచే యుద్ధకథకు అది చిన్న సంగతి కాదు. ఘాజీ మునిగిన ఆ 1971 యుద్ధంలో మన విజయానికి స్మారకం విశాఖ ఆర్కే బీచ్‌లో ఉంది.