అమెరికా చదువు: తొలి నెలలో పిల్లలు చేయాల్సినవి, ఇంట్లో మనం తెలుసుకోవాల్సినవి

చిక్కసూగూరు, శక్తినగర్, రాయచూరు చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో ఇంజినీరింగ్ ముగించిన పిల్లలు అమెరికా ఎమ్మెస్ మాట ఎత్తడం ఇప్పుడు కొత్తేమీ కాదు. వీసా చేతికొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ ఒకటే పరుగు. అది రాగానే గండం గట్టెక్కిందనుకుంటాం. కానీ విద్యార్థి హోదాను నిలబెట్టుకునే పని విమానం దిగిన రోజునే మొదలవుతుంది. 2023-24లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది ఉన్నారు. ఆ ఏడాది మరే దేశం నుంచీ అంతమంది లేరు. వాళ్లలో తొలి నెలలో చిక్కుల్లో పడినవాళ్లు చాలావరకు తెలివి తక్కువై కాదు, నియమం తెలియక పడ్డారు.

పెట్టె సర్దేటప్పుడు

మన సోనా మసూరి బియ్యం ఒక సంచి పెట్టిద్దామని ప్రతి తల్లికీ ఉంటుంది. పెట్టవద్దు. ఖాప్రా బీటిల్ అనే ధాన్యపు పురుగు భయంతో, ఆ పురుగున్న దేశాల నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడాన్ని అమెరికా 2011 నుంచి నిషేధించింది. ఆ జాబితాలో మన దేశం ఉంది. పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు కూడా పెట్టవద్దు. మిగతా తినుబండారాలు ఏం తీసుకెళ్లినా అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దాచి దొరికితే జరిమానా పడుతుంది. బియ్యం, పప్పులు అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి.

పాస్‌పోర్టు, ఐ-20 పత్రం, ఫీజు రసీదులు, బ్యాంకు కాగితాలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె తప్పిపోయినా ఇవి తప్పిపోకూడదు.

దిగిన చోట

కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజులకంటే ముందు ఎఫ్-1 వీసా మీద కొత్త విద్యార్థిని దేశంలోకి రానివ్వరు. చవకగా దొరికిందని ముందు తేదీకి టికెట్ కొనకూడదు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఖర్చు ఎవరు పెడుతున్నారు అని అధికారి అడుగుతారు. తడబడకుండా నిజం చెబితే చాలు. తరువాత ఒకటి రెండు రోజుల్లో ఐ-94 రికార్డును ఇంటర్నెట్‌లో తీసి, పేరు, వచ్చిన తేదీ, ఎఫ్-1 అన్న హోదా సరిగా ఉన్నాయో చూసుకోవాలి.

మొదటి 30 రోజులు

ముందుగా వెళ్లాల్సింది కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి. విద్యార్థి చేరాడని వాళ్లు సెవిస్ అనే ప్రభుత్వ నమోదులో రాస్తారు. కోర్సు తేదీ నుంచి 30 రోజుల్లోగా ఇది జరగాలి. జరగకపోతే రికార్డు రద్దయ్యే ప్రమాదం ఉంది. గది మారితే కొత్త చిరునామాను 10 రోజుల్లోగా అదే కార్యాలయానికి చెప్పాలి.

పూర్తికాల విద్యార్థిగా ఉండాలి. అంటే సెమిస్టరుకు డిగ్రీలో 12 క్రెడిట్లు, పీజీలో సాధారణంగా 9. ఆన్‌లైన్ తరగతుల్లో ఒక్కటి, మహా అయితే 3 క్రెడిట్లు మాత్రమే ఈ లెక్కలోకి వస్తాయి. చదువు భారమనిపించి ఏదైనా కోర్సు వదిలేయాలంటే ముందు ఆ కార్యాలయాన్ని అడగాలి. వదిలేశాక అడిగితే ఉపయోగం లేదు.

గది అద్దె ఒప్పందం ఎక్కువగా ఏడాదికి ఉంటుంది. నలుగురు కలిసి సంతకం పెడితే, ఒకరు ఎగ్గొట్టిన అద్దె మిగతావాళ్ల మీద పడవచ్చు. అన్నీ చదివాకే సంతకం పెట్టాలి.

పని దొరికిందా అని అడిగే ముందు

ఇది ఇంట్లో మనం జాగ్రత్త పడాల్సిన విషయం. సెమిస్టరు నడిచే రోజుల్లో ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు మాత్రమే పని చేయవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా అలాంటి పని దొరికాకే వస్తుంది. పెట్రోలు బంకులో, హోటల్లో అనుమతి లేకుండా చేసే పని హోదాకే ఎసరు. లక్షల రూపాయల లోను తలమీద ఉన్న పిల్లవాడిని నెల తిరక్కముందే "పని దొరికిందా" అని అడిగితే, మనమే ఆ తప్పుదారి చూపినట్టవుతుంది. కనీసం మొదటి సెమిస్టరు ఖర్చు చేతిలో పెట్టుకునే పంపాలి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో హార్వర్డ్‌లో చదవడానికి బోస్టన్ చేరారు. డబ్బు చాలక ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. తరువాత ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటి మందుల వెనక పరిశోధనను నడిపించారు. ఆయన కష్టం మనకు ఆదర్శమే. అయితే నేటి పిల్లలు బయట ఎక్కడ పడితే అక్కడ పనికి కుదరడానికి చట్టం ఒప్పుకోదు.

కాలేజీ అసలుదేనా

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై దాడి జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పిల్లలే అందులో ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన వల. పాఠాల్లేవు, పంతుళ్లూ లేరు. అక్కడా తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో పట్టుబడ్డారు. ఏజెంటు ఎంత చెప్పినా, క్లాసుకు రానక్కర్లేదనే కాలేజీ జోలికి పోకూడదు. సీటు మార్చుకుందామని మొదటి నెలలోనే స్నేహితులు చెప్పే సలహా కూడా ఇక్కడికే తీసుకెళ్లవచ్చు.

మనసు కుదుటపడేదాకా

కొత్త దేశంలో మొదట అంతా వింతగా, బాగుంటుంది. కొన్ని వారాలకు బెంగ, చిరాకు మొదలవుతాయి. తరువాత మెల్లగా అలవాటవుతుంది. కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లోనే ఈ దశల గురించి రాశారు. కాబట్టి మూడో వారంలో పిల్ల ఏడుస్తూ ఫోన్ చేస్తే అది ఓటమి కాదు. అలాగని తేలిగ్గానూ తీసుకోకూడదు. తిండి, నిద్ర మానేసి, ఫోన్ ఎత్తకపోతే కాలేజీ కౌన్సెలింగ్‌కు వెళ్లమనాలి. ప్రాణాపాయపు ఆలోచనలు వస్తే 988, ఇతర అత్యవసరాలకు 911. ఆగస్టులో మనకు రాత్రి 8 గంటలైతే డల్లాస్‌లో ఉదయం 9:30. క్లాసు వేళ చూసి ఫోన్ చేద్దాం.

ఒక్క ధైర్యం మన పిల్లలకు ఇంటినుంచే వస్తుంది. 1956 నవంబరు 1న రాయచూరు హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అదే జిల్లాలోని గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఇల్లు కదలకుండానే మనం మరో భాషా రాష్ట్రంలో ఉన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో ఉర్దూ మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు పక్కవాడి భాషలో తప్పుల్తడకగా మొదలుపెట్టడం నామోషీ కాదు. అక్కడి క్లాసులోనూ అలాగే నోరు విప్పమని చెబుదాం.

ఇంట్లో ఉంచుకోవాల్సినవి: పాస్‌పోర్టు, వీసా, ఐ-20, ఇన్సూరెన్స్ కార్డుల నకళ్లు; గది చిరునామా; గదిలో ఉండే ఒకరిద్దరి ఫోన్ నంబర్లు; కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నంబరు. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో విద్యార్థి వివరాలు నమోదు చేయించాలి. ఇవన్నీ పిల్లలు బయల్దేరకముందే ఒక ఫైలులో పెట్టి, ఇంట్లో ఇద్దరికైనా అది ఎక్కడుందో చెప్పి ఉంచుదాం.