ఉత్సవవేదికపై బ్లూగ్రాస్ మేళములు

జానపద సంగీతమును గుఱించి విచారించునపుడు మనలో పలువురు ఒక నియమమును ప్రమాణముగ గైకొందురు. కర్త ఎవరో తెలియనిది, వ్రాతకెక్కనిది, ప్రతిఫలమునకై పాడబడనిది మాత్రమే జానపదమని ఆ నియమము. ఇది ఎంతవఱకు నిలుచునో పరీక్షించుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని బ్లూగ్రాస్ సంగీతము తగిన ఉదాహరణము. దీనికి మూలపురుషుడు కలడు; పుట్టిన కాలము తెలియును; గ్రామఫోను రికార్డులును, రేడియో జీతములును దీనిని మొదటినుండి పోషించినవి. అయినను, ఇది నేడు వేలకొలది సామాన్యజనులు తమ చేతులతో వాయించుకొను సంగీతమైనది. ఈ పరిణామమునకు ప్రాంతీయ సంగీతోత్సవములు ముఖ్యకారణములు. అవి ఏమి చేసినవో, ఏమి చేయజాలకపోయినవో తెలిసికొనుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ సంగీతమునకు మూలపురుషుడైన బిల్ మన్రో (1911–1996) కెంటకీ రాష్ట్రములోని రోజీన్ గ్రామప్రాంతమున జన్మించెను. ఆ రాష్ట్రమునకు అచటి పచ్చిక పేర 'బ్లూగ్రాస్' అను వ్యవహారనామము కలదు. స్వరాష్ట్రాభిమానముచేత అతడు తన మేళమునకు 'బ్లూ గ్రాస్ బాయిస్' అని పేరిడెను. 1939లో నాష్‌విల్ నగరమునుండి ప్రసారమగు 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అను రేడియో కార్యక్రమమున స్థానము సంపాదించెను. 1945లో గాయకుడు లెస్టర్ ఫ్లాట్, బాంజోవాదకుడు ఎర్ల్ స్క్రగ్స్ అతని మేళమున చేరిరి. 1946 సెప్టెంబరులో షికాగోలో ఆ మేళము చేసిన రికార్డులే ఈ శైలికి ప్రామాణిక రూపమని పరిశోధకులు భావింతురు.

మేళస్వరూపమును కొంత వివరింపవలసియున్నది. మాండొలిన్, బాంజో, ఫిడేలు, గిటారు, నిలువెత్తు బాస్ అను ఐదు తంత్రీవాద్యములు ప్రధానములు. మృదంగమువంటి చర్మవాద్యము సాధారణముగ ఉండదు. తాళభారమును తంత్రులే పంచుకొనును: బాస్ బలమైన మాత్రలను పలుక, మాండొలిన్ వాటి నడుమ మాత్రలపై తంత్రులను చటుక్కున కొట్టి ఆపును. మాండొలిన్ మనకు అపరిచితము కాదు; పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విద్యున్మాండొలిన్‌ను కర్ణాటక సంగీత వేదికపై నిలిపెను. స్క్రగ్స్ ఐదు తంత్రుల బాంజోను బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు అను మూడింటితో ఎడతెగక మీటు పద్ధతిని ప్రసిద్ధమొనర్చెను. పొట్టిదైన ఐదవ తంత్రి హెచ్చుస్థాయిలో మాటిమాటికి మ్రోగుచు దాదాపు శ్రుతివలె వినిపించును. పాటలో ముఖ్యగాయకునిపై స్థాయిలో మఱియొక కంఠము వేఱు స్వరములతో జతకూడును. చరణముల నడుమ ఒక్కొక్క వాద్యము వంతుప్రకారము ముందునకు వచ్చి తన ప్రజ్ఞ చూపి, పిదప వంతకు మఱలును. తొలినాళ్లలో మేళమంతటికి ఒకే మైక్రోఫోను ఉండుటచే, వంతు వచ్చినవాడు దానిని సమీపించుట, ముగిసినవాడు తొలగుట నాట్యమువంటి క్రమమైనది.

1948లో ఫ్లాట్, స్క్రగ్స్ మన్రోను వీడి, వేఱు మేళము నెలకొల్పిరి. అదే సంవత్సరమున వర్జీనియా కొండలకు చెందిన స్టాన్లీ సోదరులు మన్రో మేళపు పోకడను అనుసరించి ఒక రికార్డు వెలువరించిరి. ఆ పాటను మన్రో 1947లోనే రికార్డు చేసియుండెను. కాని అతని రికార్డు విడుదల కాకమునుపే వీరిది వెలువడెను. అతడు నొచ్చుకొనెను. తన రికార్డు సంస్థ స్టాన్లీలను కూడ చేర్చుకొనగా, అతడు ఆ సంస్థనే విడిచెను. ఒక వ్యక్తి దృష్టిలో ఇది అపహరణము. చరిత్రదృష్టిలో మాత్రము ఇది సంప్రదాయము యొక్క పుట్టుక. ఒక మేళముయొక్క సొంత గుర్తు ఇతరుల చేత పలికిననాడే అది శైలియగును. 1951లో స్టాన్లీ సోదరులలో అగ్రజుడైన కార్టర్ కొంతకాలము మన్రో మేళముననే పాడుట గమనార్హము.

1950ల నడుమ రాక్ అండ్ రోల్ సంగీతము విజృంభించెను. విద్యుద్వాద్యములు లేని ఈ మేళములకు గిరాకి తగ్గెను. పాఠశాలల సభాశాలలలోను, గ్రామీణ వినోదస్థలములలోను కచేరీలు చేయుచు అవి కాలము గడిపెను. ఇంతలో నగరవిద్యార్థులలో జానపద సంగీతముపై ఆసక్తి పెరిగెను. 1959లో న్యూపోర్ట్ జానపదోత్సవమున స్క్రగ్స్ బాంజో వాయించెను. 1963లో రాల్ఫ్ రింజ్లర్ అను సంగీతజ్ఞుడు మన్రోను ఈ శైలికి జనకునిగ పేర్కొనుచు వ్యాసము ప్రకటించి, అతని కచేరీల నిర్వాహకుడయ్యెను. శ్రోతలు లేకపోలేదు, వారు దేశమంతట చెదరియుండిరి. వారిని ఒకచోటికి చేర్చు సాధనము కావలసివచ్చెను.

1961 జులై 4న వర్జీనియాలోని లూరేలో ఒకదినపు ప్రయత్నము జరిగెను. అనంతరము కార్ల్‌టన్ హేనీ అను నిర్వాహకుడు 1965 సెప్టెంబరు 3 మొదలు 5 వఱకు అదే రాష్ట్రమున ఫిన్‌కాసిల్ సమీపమునందలి గుఱ్ఱముల క్షేత్రమొకదానిలో పూర్తిగ బ్లూగ్రాస్‌కే అంకితమైన మూడుదినముల ఉత్సవము జరిపెను. బహుదినోత్సవములకు ఇదియే మొదటిదిగ పరిగణింపబడుచున్నది. ఇందలి విశేషము ఆదివారపు కార్యక్రమము. హేనీ వేదికపై ఈ సంగీతచరిత్రను కథగ చెప్పుచు, పూర్వము మన్రోతో పాడినవారిని ఒక్కొక్కరిని పిలిచెను. క్లైడ్ మూడీ, డాన్ రెనో, మాక్ వైస్‌మన్, జిమ్మీ మార్టిన్, కార్టర్ స్టాన్లీ మున్నగువారు వచ్చి, తాము విడిచివచ్చిన నాయకుని సరసన మఱల నిలిచి పాడిరి. అంతవఱకు పోటీదారులుగ కనిపించిన మేళములు ఆ దినమున ఒకే వంశవృక్షమునకు శాఖలుగ కనిపించెను. కార్టర్ స్టాన్లీ మఱుసటి సంవత్సరము డిసెంబరులో మరణించెను. ఆ కలయిక ఇంకను ఆలస్యమైనచో ఆ శాఖ వేదికపై కనిపించియుండెడిది కాదు.

1967లో మన్రో స్వయముగ ఇండియానా రాష్ట్రములోని బీన్ బ్లాసమ్‌లో తన స్థలముననే ఉత్సవము ప్రారంభించెను. ఇట్టి ఉత్సవములందు వేదిక సగమే. శ్రోతలు గుడారములు వేసికొని దినముల తరబడి అచటనే ఉందురు. కార్లు నిలుపు స్థలములలోను, చెట్లనీడలలోను గుంపులు కట్టి అర్ధరాత్రి వఱకు వాయింతురు. ఎఱుగనివారు సైతము పాటపేరును, శ్రుతిని చెప్పుకొని వెంటనే కలిసి పాడగలరు. రికార్డులు విని నేర్చినదానిని ఇచట పెద్దల వ్రేళ్లను చూచి సరిదిద్దుకొందురు. రికార్డు విద్యను దూరమునకు చేర్చినది. ఉత్సవము దానిని మఱల ముఖాముఖి విద్యగ మార్చినది. ఫ్లాట్, మన్రోల నడుమ 1948 నుండి ఉండిన వైమనస్యము 1971లో బీన్ బ్లాసమ్ వేదికపైననే తొలగెను.

అయితే ఉత్సవము చెప్పిన చరిత్రకు ఒక హద్దు కలదు. వేదికపైకి పిలువబడగలవారు జీవించియున్నవారు, పేరు పొందినవారు మాత్రమే. మన్రో బాల్యమున ఆర్నల్డ్ షుల్ట్జ్ అను నల్లజాతి సంగీతకారునితో కలిసి నాట్యసభలలో వాయించెను. అతని ప్రభావమును తానే అంగీకరించెను. షుల్ట్జ్ 1931లోనే మరణించినందున ఏ వంశావళి వరుసలోను నిలువలేదు. బాంజో సైతము ఆఫ్రికానుండి బానిసలుగ తేబడినవారు తమ వాద్యజ్ఞానముతో రూపొందించినదే. అయినను కాలక్రమమున అది కొండప్రాంతపు తెల్లవారి చిహ్నముగ స్థిరపడెను. ఈ లోపమును సవరించు యత్నములు కూడ సమావేశముల ద్వారముననే జరుగుచున్నవి. 2005లో ఉత్తర కెరోలినాలోని బూన్‌లో జరిగిన నల్లజాతి బాంజోవాదకుల సమావేశమునుండి 'కెరోలినా చాక్లెట్ డ్రాప్స్' అను మేళము వెలసెను. 2020లో అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంగీతసంఘమునకు అనుబంధమైన ప్రతిష్ఠానము షుల్ట్జ్ పేర ఒక నిధి నెలకొల్పెను.

జానపద విజ్ఞానమును అభ్యసించు మనకు ఈ వృత్తాంతము దూరదేశవార్త మాత్రము కాదు. పైన చెప్పిన రింజ్లర్ 1967లో వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ పక్షమున జానపదోత్సవమును నెలకొల్పినవారిలో ఒకడు. ఆ ఉత్సవముననే 1985లో భారతీయ మేళాయు, మన కళాకారుల ప్రదర్శనములును జరిగినవి. దీనివలన రెండు విషయములు గ్రహింపవచ్చును. కర్త తెలిసినంతనే, పారితోషికము స్వీకరించినంతనే ఒక కళ జానపదత్వమును కోల్పోదు. దానిని నేర్చినవారు మఱల నేర్పగలుగుదురా, వేదిక దిగిన పిదపను అది సాగునా అను ప్రశ్నలే ప్రధానములు. రెండవది, ఉత్సవము కళను రక్షించుచునే దాని చరిత్రను కూడ వ్రాయును. కావున వేదికపై ఎవరు పాడిరో వ్రాసికొనుటతో పరిశోధకుని పని ముగియదు. అచటికి రాజాలనివారెవరో, వారు నేర్పినది ఎవరి చేతులలో పలుకుచున్నదో విచారించుట కూడ అతని విధియే.