రావాలి, రావచ్చు, రాకూడదు

గుడివాడలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు వెళ్ళే పిల్లల నోటుబుక్కు తెరిస్తే మధ్యలో మడతపెట్టిన జిరాక్స్ కాగితం ఒకటి కనిపిస్తుంది. కెన్ అంటే గలను, కుడ్ అంటే గలిగాను, మే అంటే వచ్చు, మస్ట్ అంటే తప్పక. ఒక్కో ఇంగ్లీషు మాటకు ఒక్కో తెలుగు ముక్క. రాబర్ట్ నోబుల్ బందరులో బడి పెట్టింది 1843లో. ఇంగ్లీషు చదువు ఈ డెల్టాకు నిన్నా మొన్నా వచ్చింది కాదు. అయినా ఇలాంటి మోడల్ వెర్బ్స్ దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ ఆ కాగితమే గతి.

అపోహ: ఇవి తెలుగులో లేవు, అందుకే మనకు రావు.

‘షి మస్ట్ గో’లో మస్ట్ చివర ‘ఎస్’ ఎందుకు చేరదని పిల్లలు తల పట్టుకుంటారు. నేను వెళ్ళాలి, అమ్మ వెళ్ళాలి, వాళ్ళు వెళ్ళాలి. మన ‘వెళ్ళాలి’ ఎవరి కోసమైనా మారిందా? వెళ్ళొచ్చు, వెళ్ళకూడదు కూడా అంతే. మస్ట్‌కు జరిగిపోయిన కాలం లేదు, ‘హ్యాడ్ టు’ని పిలుచుకోవాలి. ‘వెళ్ళాలి’కీ లేదు, ‘వెళ్ళాల్సి వచ్చింది’ అనాల్సిందే.

ఇంకా ఉంది. గుడివాడ స్టేషన్లో బందరు నుంచి వచ్చే రైలు కోసం ఎదురుచూసే పెద్దాయన ‘‘ఈపాటికి పెడన దాటి ఉండాలి’’ అంటాడు. ఆయన రైలుకు ఆజ్ఞ ఇవ్వడం లేదు, గడియారం చూసి ఊహిస్తున్నాడు. ఇంగ్లీషువాడు అక్కడ ‘మస్ట్ హ్యావ్’ అనో ‘షుడ్ హ్యావ్’ అనో అంటాడు, నమ్మకం ఎంతుంటే అంత. విధికీ ఊహకూ ఒకే మాట, రెండు భాషల్లోనూ. ‘వాడు రావచ్చు’ అంటే అనుమతా, అవకాశమా? ‘హి మే కమ్’లోనూ అదే సందేహం. ఒక్క ‘గల’ మాత్రమే దారి తప్పిస్తుంది. వెళ్ళగలను, వెళ్ళగలడు అని మనం మారుస్తాం, కెన్ మారదు.

అపోహ: కుడ్ అంటే కెన్‌కు భూతకాలం.

సగమే నిజం. ‘చిన్నప్పుడు కాలవలో ఈదగలిగేవాణ్ణి’ అనడానికి ‘ఐ కుడ్ స్విమ్’ చక్కగా సరిపోతుంది. ‘నిన్న పామర్రులో పరుగెత్తి బస్సు అందుకోగలిగాను’ అన్నప్పుడు కుడ్ కుదరదు. ‘వజ్ ఏబుల్ టు’ అనాలి, లేదా ‘మేనేజ్డ్ టు’. ఒంట్లో ఉండే శక్తి వేరు, ఒక్కసారి గట్టెక్కిన పని వేరు. తెలుగు ఈ తేడాను ‘గలిగేవాణ్ణి’, ‘గలిగాను’ అని విడమరిచి చెప్తూనే ఉంది. కాగితమే రెండిటినీ ఒకే గాటన కట్టేసింది. బస్సు తప్పిపోతే మాత్రం ‘కుడ్ నాట్’ నిక్షేపంగా వాడుకోవచ్చు. ఇక ‘కుడ్ యు ఓపెన్ ద డోర్’లో గతమే లేదు, అక్కడున్నది మర్యాద. మనం ‘కాస్త తలుపు తీస్తారా అండీ’ అంటామే, అది. ‘కెన్ ఏబుల్ టు’ అంటారా, అది పానకంలో పంచదార కలపడం.

అపోహ: మస్ట్‌కు నాట్ చేరిస్తే ‘అక్కర్లేదు’ అవుతుంది.

అన్నిటిలోకీ ప్రమాదమైంది ఇదే, స్వానుభవం. ఒక విదేశీ అతిథికి ‘స్టేషన్ నుంచి నడవక్కర్లేదు, ఆటోలున్నాయి’ అని చెప్పబోయి ‘యు మస్ట్ నాట్ వాక్’ అన్నాను. దారిలో ఏం పొంచి ఉందోనని ఆయన హడలిపోయాడు. మస్ట్ నాట్ అంటే ‘కూడదు’. ‘అక్కర్లేదు’కు నీడ్ నాట్, డోంట్ హ్యావ్ టు ఉన్నాయి.

అపోహ: ఐ, వి పక్కన షల్, మిగతావాటి పక్కన విల్.

జాన్ వాలిస్ అనే పండితుడు 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఈ లెక్క ఉంది. ఇవాళ భవిష్యత్తు చెప్పడానికి ఎవరి పక్కనైనా మామూలుగా విల్లే. మన రాజ్యాంగం 52వ అధికరణ రాష్ట్రపతి ఉండాలని చెప్పడానికి షల్ వాడింది. అది భవిష్యత్తు చెప్పడం కాదు, శాసించడం.

మే అంటే 50 శాతం, మైట్ అంటే 30 శాతం అనే పట్టిక కూడా తిరుగుతోంది. ఆ అంకెలకు ఆధారం లేదు. నేటి మాటల్లో ఆ రెండిటికీ తేడా దాదాపు చెరిగిపోయింది.

అపోహ: ‘వుడ్‌బీ’ అంటే కాబోయే భార్య, లేదా భర్త.

ఇది మనదేశపు వాడుక. నిశ్చితార్థం అయిన అమ్మాయిని ‘మా వుడ్‌బీ’ అని పరిచయం చేస్తే గుడివాడలో అందరికీ అర్థమవుతుంది. బయటి ఇంగ్లీషులో ‘వుడ్‌బీ యాక్టర్’ అంటే వేషాల కోసం తిరుగుతున్నవాడు. డల్లాస్‌లో అదే అమ్మాయిని అదే మాటతో పరిచయం చేస్తే ‘ఏం కాబోతోంది?’ అని అడుగుతారు. అక్కడ ఫియాన్సే అనాలి. అన్నట్టు, రెండు మోడల్స్ పక్కపక్కన రాకూడదని మన పుస్తకాలు చెప్తాయి కదా, అమెరికా దక్షిణాదిలో ‘మైట్ కుడ్’ అనేవాళ్ళున్నారు. అది వాళ్ళ యాస. పరీక్షలో రాస్తే మాత్రం మార్కు పోతుంది.