‘బతుకుదెరువు’ను జపనీస్‌లో ఏమంటారు?

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డులో అడుగుపెడితే ముందు పలకరించేది తుమ్మే. ఎర్రటి బస్తాలు, జెండా పాట, కాంటాల దగ్గర దడ్వాయిలు, బస్తాలు మోసే హమాలీలు, చాటలు పట్టుకున్న ఆడకూలీలు... వరంగల్‌లో ఈ యార్డు మీదే బతుకుతున్న ఇండ్లు చాలా. అలాంటి ఇంటి పిల్లాడు జపనీస్ నేర్చుకుని ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చున్నాడనుకోండి. ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ అనడిగితే ఏం చెప్పాలి?

ఫోన్‌లో ‘సంపాదించడం’ అని వెతికితే ‘కసెగు’ అని వస్తుంది. తప్పేం కాదు. కష్టపడి, చెమటోడ్చి డబ్బు తేవడం కసెగు. లాభం చేసుకోవడానికి మాత్రం వేరే మాట ఉంది, ‘మోకెరు’. హమాలీది కసెగు, మంచి ధరకు అమ్ముకున్న వ్యాపారిది మోకెరు. మనం రెండింటికీ ‘సంపాదించిండు’ అనేస్తాం!

అసలు మజా ఇంకో మాటలో ఉంది: ‘తబెతె ఇకు’. తబెతె అంటే తిని, ఇకు అంటే వెళ్లడం. అంటే ‘తింటూ సాగిపోవడం’. పొట్ట పోసుకోవడం అని మనం అనమా? అచ్చం అదే. ‘నోగ్యో దె తబెతె ఇకెనై’ అంటే వ్యవసాయంతో బతకలేం అని. ‘నోగ్యో’ వ్యవసాయం, ‘దె’ మన ‘తో’. మాటల వరుస కూడా మనదే, క్రియ చివర్లో వస్తుంది. ఇంగ్లిష్ కన్నా జపనీస్ వాక్యం మనకు తొందరగా పట్టుబడేది అందుకే. జీవనాధారాన్ని ‘మెషి నొ తనె’ అని కూడా అంటారు. మెషి అన్నం, తనె విత్తనం. అన్నానికి విత్తనం! వడ్లు అమ్మే ఊరివాళ్లకు దీన్ని విడమర్చి చెప్పాలా? కాకపోతే ఇది దోస్తుల మధ్య వాడే మాట, ఇంటర్వ్యూలో వద్దు.

అక్కడ పనికొచ్చేది ‘సేకే ఒ తతెరు’, బతుకును నిలబెట్టడం. ‘సేకే’లోని ‘కే’ అక్షరానికి లెక్క, కొలత అని అర్థం. బరువు చూసే మిషన్ పేరులోనూ అదే అక్షరం ఉంటుంది. ఇక జవాబు ఇలా చెప్పొచ్చు: ‘చిచి వా ఇచిబ దె నిమొత్సు ఒ హకొందె, సేకే ఒ తతెతె ఇమాస్.’ మా నాన్న మార్కెట్లో బరువులు మోసి ఇల్లు నడుపుతున్నారు అని. మన నాన్న గురించి బయటివాళ్లకు చెప్పేటప్పుడు ‘చిచి’ అనాలి, ‘ఒతోసన్’ కాదు. సిగ్గుపడి ‘బిజినెస్’ అని దాటేయకండి, తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

‘జపాన్ ఎందుకు?’ అనీ అడుగుతారు. ‘ఒకానె ఒ కసెగు తమె ని’, అంటే డబ్బు సంపాదించడానికి. నిజమే, కానీ అంతటితో ఆపితే మొరటుగా ఉంటుంది. ‘కజొకు ఒ ససాఎతై దెస్’ (కుటుంబానికి ఆసరా అవ్వాలనుకుంటున్నా) అని, ఏ పని నేర్చుకోవాలనుకుంటున్నారో కూడా కలపండి.

ఇంకో మాట తెలుసుకోవాలి: ‘దెకసెగి’. ఊరు వదిలిపోయి సంపాదించడం. మంచు పడి పొలం పనులు ఆగిపోయే చలికాలంలో తోహొకు రైతులు టోక్యో పనులకు పోయేవారు, వాళ్లదే ఈ మాట. 1990 తర్వాత బ్రెజిల్ నుంచి జపాన్‌కు వచ్చిన జపాన్ సంతతివాళ్లకూ ఇదే పేరు పడింది. మన పాలమూరు వలస, కరీంనగర్ నుంచి దుబాయ్ ప్రయాణం గుర్తొస్తున్నాయా?

ఇప్పుడు వంతు మనది. నైపుణ్యం ఉన్న వర్కర్ల కోసం భారత్, జపాన్ 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా మనవాళ్లకు జపాన్‌లో ఉద్యోగాలు చూపిస్తోంది. ఏజెంటుకు డబ్బు కట్టేముందు అక్కడ ఒకసారి అడగండి. ఈ వీసాకు మామూలుగా ఎన్4 స్థాయి భాష, పనికి సంబంధించిన పరీక్ష కావాలి. మొదటి రకం వీసాలో మొత్తం ఐదేళ్ల వరకే ఉండొచ్చు, భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లడానికి లేదు. ఫ్లైట్ ఎక్కేముందు ఈ ఐదేళ్ల లెక్క ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలి. అది మాత్రం తెలుగులోనే.