ఆగరాని కిరణము

మా పెదనాయన పాడిన పద్యముల క్యాసెట్టును కంప్యూటరులోనికి ఎక్కించి, సీడీపై వ్రాయ బూనిన నాడు, తొమ్మిదవ నిమిషమున వైరస్ పరీక్షించు ప్రోగ్రాము తనంత తాను మేల్కొనుటయు, వ్రాత తెగిపోవుటయు ఒక్కసారిగా జరిగినవి. ఆ డిస్కును కిటికీ వెలుతురున ఏటవాలుగా పట్టి చూచినచో, నడిమి రంధ్రమునకు చేరువ నుండి వెలుపలికి వ్యాపించిన ముదురు వన్నె వలయము హఠాత్తుగా ఒక గీతవద్ద నిలిచిపోయి, ఆవల తళతళలాడు ఖాళీ భాగము కానవచ్చును. అది ఏ ప్లేయరులోను పలుకలేదు.

ఇట్లు వ్రాయదగిన సీడీలో 1.2 మిల్లీమీటర్ల మందము గల పాలికార్బనేటు బిళ్ళపై పలుచని రంజకద్రవ్యపు పొరయు, దానిపై లోహపు పొరయు ఉండును. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల లేజరు కిరణము తగిలినచోట రంజకము వేడెక్కి శాశ్వతముగా మార్పు చెందును. మరల చెరిపి వ్రాయుట కల్ల. కిరణము నడచు సర్పిలాకారపు గాడి వరుసల నడుమ దూరము 1.6 మైక్రాన్లే కాగా, ఆ గాడిని విప్పి చాచగలిగినచో 5 కిలోమీటర్లకు మించును. తాటాకుపై వ్రాయు లేఖకుడు మాట తోచనప్పుడు గంటమును ఎత్తి పట్టుకొనవచ్చును గాని, తొలినాటి రైటర్లలోని కిరణమున కట్టి వెసులుబాటు లేకుండెను. మామూలు ప్లేయరు వేగమునకు 8 రెట్ల వేగమున సెకనుకు 1200 కిలోబైట్ల సమాచారము దానికి అందవలెను. వ్రాయవలసిన సమాచారమును తాత్కాలికముగ దాచు 2 మెగాబైట్ల బఫరులోని నిలువ రెండు సెకన్లయిన నిండకముందే అడుగంటును. కంప్యూటరు అంతలో వేరొక పనికి మరలెనా, అందించుటకు ఏమియు లేక వ్రాత భగ్నమగును. దీనినే బఫర్ అండర్‌రన్ అందురు.

వేగము తగ్గించుట అందరెరిగిన ఉపాయము. నాలుగు రెట్లకు దిగినచో అదే నిలువ రెండింతల కాలము నిలుచును. అయితే అత్యధిక వేగములకై తయారైన డిస్కును మరీ మెల్లగా వ్రాయుట మేలు కాదు, రంజకము ఆ వేగమునకు తగినట్లే కూర్చబడి యుండును గనుక. లేజరు శక్తిని తగ్గించి ఉత్తుత్తి వ్రాతతో పరీక్షించు సదుపాయము కూడ గలదు. కాని అసలు వ్రాతకు పట్టునంత కాలమును దానికిని పట్టును. నేను అన్నిటికన్న మిన్నగా విశ్వసించునది వేరొకటి: చెల్లాచెదరుగా నున్న చిన్న ఫైళ్ళను వెదకి తెచ్చు శ్రమ వ్రాతవేళ కంప్యూటరుపై పడకుండ, ముందుగానే సమస్తమును హార్డుడిస్కుపై ఒక్క ఇమేజి ఫైలుగా కూర్చి, తక్కిన ప్రోగ్రాములన్నిటిని మూసి, అటుపిమ్మట వ్రాయించుట. పెదనాయన పద్యములు రెండవ డిస్కున నిలిచినది ఈ విధముగనే.

2000వ సంవత్సరమున సాన్యో సంస్థ బర్న్-ప్రూఫ్ అను పద్ధతిని తెచ్చెను. బఫరు అడుగంటుచున్నదని గ్రహించిన డ్రైవు తాను ఆగిన చోటును గుర్తుంచుకొని, సమాచారము మరల నిండిన పిదప, నేతగాడు తెగిన పోగును అతికినట్లు, అచ్చటి నుండియే వ్రాత సాగించును. ఆ అతుకు ప్లేయరునకు తెలియరానంత సూక్ష్మము.

ఇంటిలో పాత క్యాసెట్లున్నవారు, వాటి నుండి వ్రాసిన డిస్కును వేరొక డ్రైవులో ఆసాంతము చదివించి, మూలముతో సరిచూచిన తరువాతనే హార్డుడిస్కుపై నున్న ప్రతిని తుడిచివేయవలెను.