అమెరికా పాఠశాలలు – ఫెడరల్ నిధులు

అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగాన్ని ఆసాంతం చదివినా 'విద్య' అనే పదం ఎక్కడా కనిపించదు. 1791లో చేరిన పదవ సవరణ ప్రకారం ఫెడరల్ ప్రభుత్వానికి అప్పగించని అధికారాలన్నీ రాష్ట్రాలకు, ప్రజలకు చెందుతాయి. అందుచేత బడి పెట్టడం, ఉపాధ్యాయుని నియమించడం, పాఠ్యక్రమాన్ని నిర్ణయించడం రాష్ట్రాల పని అయినది. రాష్ట్రాలు అందులో చాలా భాగాన్ని స్థానిక విద్యామండలులకు అప్పగించినవి. వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వం పాఠశాలల ఖర్చులో భరిస్తూ వచ్చినది సాధారణంగా నూటికి పది వంతులకు అటు ఇటుగా మాత్రమే. అయినప్పటికీ 1965 తరువాత అక్కడి బడిలో వచ్చిన పెద్ద మార్పులు అనేకం ఈ పదవ వంతుతో ముడిపడి ఉన్నవి. విద్యమీద నేరుగా అధికారం లేని ప్రభుత్వం, ఇంత కొద్ది ధనంతో, అంత పని ఎట్లా చేయగలిగినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం. రెండు భాషల నీడలో చదువుకొంటున్న మన విద్యార్థులకు ఈ చరిత్ర తెలుసుకోదగినదని మా విశ్వాసం.

ముందుగా అక్కడి బడికి ధనం ఎక్కడనుంచి వస్తుందో చూద్దాం. అందులో ఒక పెద్ద భాగం రాష్ట్రప్రభుత్వం ఇచ్చే సహాయం. మరొక పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇండ్లమీద, స్థలాలమీద వసూలు చేసే ఆస్తిపన్ను. ఆస్తి ఉన్నచోట పన్ను పండుతుంది. లేనిచోట ఎంత పిండినా రాలదు. టెక్సస్ రాష్ట్రంలోని సాన్ ఆంటోనియో నగరం దీనికి చక్కని దృష్టాంతం. అక్కడ ఎడ్జ్‌వుడ్ అనే విద్యామండలంలో విద్యార్థులు నూటికి తొంబదిమంది మెక్సికన్ సంతతివారు. అదే నగరంలోని అలమో హైట్స్ సంపన్నుల ప్రాంతం. 1967–68లో నూరు డాలర్ల ఆస్తికి ఎడ్జ్‌వుడ్ ప్రజలు 1.05 డాలర్ల పన్ను కట్టగా, అలమో హైట్స్‌వారు కట్టినది 85 సెంట్లు. ఎక్కువ కట్టిన ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కొక్క విద్యార్థికి పన్ను ద్వారా సమకూడినది 26 డాలర్లు. తక్కువ కట్టిన అలమో హైట్స్‌లో సమకూడినది 333 డాలర్లు. రాష్ట్రసహాయం రెండుచోట్లా ఇంచుమించు సమానం – 222, 225 డాలర్లు. ఫెడరల్ ధనం మాత్రం పేదవారివైపు మొగ్గినది: ఎడ్జ్‌వుడ్‌కు 108, అలమో హైట్స్‌కు 36 డాలర్లు. అంతా కలిపితే అక్కడ 356, ఇక్కడ 594.

ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళినారు. 1973లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు ఉండగా, విద్య ఫెడరల్ రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కు కాదని, ఈ పన్నుల పద్ధతి రాజ్యాంగవిరుద్ధం కాదని తీర్పు చెప్పినది. ఆ మార్గం మూసుకొనిపోయిన పిమ్మట, ఫెడరల్ స్థాయిలో పేద బిడ్డకు మిగిలిన ఆధారం కాంగ్రెసు చేసిన చట్టాలే.

అట్టి చట్టాలు ఒక్కనాడు రాలేదు. 1862లో మొర్రిల్ చట్టం వ్యవసాయ, సాంకేతిక కళాశాలలకు ప్రభుత్వభూములిచ్చినది. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపగా, కలవరపడిన కాంగ్రెసు 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టాన్ని ఆమోదించి గణితానికి, విజ్ఞానశాస్త్రానికి, విదేశీ భాషలకు ధనం కేటాయించినది. కాని సాధారణ పాఠశాలలకు విస్తారమైన సహాయం ఇవ్వబోయినప్పుడెల్లా మూడు అడ్డంకులు ఎదురయ్యేవి. రాష్ట్రాల అధికారం పోతుందన్న భయం మొదటిది. ఆ ధనం నల్లవారిని వేరుగా ఉంచే బడులకు వెళ్ళవచ్చునా అన్న వివాదం రెండవది. కాథలిక్ మతసంస్థల బడుల పిల్లలకు వాటా ఉండాలా అన్న తగాదా మూడవది.

ఈ మూడింటిని దాటి వచ్చినదే 1965 నాటి ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టం. దానిని తెచ్చిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఒకప్పుడు బడిపంతులు. 1928–29లో టెక్సస్‌లోని కొటుల్లా గ్రామంలో ఆయన పేద మెక్సికన్ కుటుంబాల పిల్లలకు చదువు చెప్పినారు. 1965 ఏప్రిల్ 11న తాను అక్షరాలు దిద్దుకొన్న చిన్న బడి ఎదుట, తన తొలి ఉపాధ్యాయురాలిని పక్కన కూర్చుండబెట్టుకొని, ఈ చట్టంపై సంతకం చేసినారు. ఇందులోని మొదటి అధ్యాయం పేద పిల్లలు అధికంగా ఉన్న ప్రాంతాలకు తొలి సంవత్సరమే సుమారు 100 కోట్ల డాలర్లు కేటాయించినది.

మతసంస్థల బడుల చిక్కును చట్టం ఒక ఉపాయంతో తీర్చినది. సహాయం బడికి కాదు, బిడ్డకు – ఇదీ దాని సూత్రం. ప్రైవేటు బడిలో చదివే పేద బిడ్డకు గ్రంథాలయపుస్తకం, ప్రత్యేక బోధన అందవచ్చును. కాని ఆ ధనంమీద, ఆ వస్తువులమీద యాజమాన్యం ప్రభుత్వసంస్థదే.

వర్ణవివక్ష చిక్కును తీర్చినది అంతకు ఒక ఏడాది ముందే వచ్చిన 1964 నాటి పౌరహక్కుల చట్టం. దాని ఆరవ అధ్యాయం ప్రకారం, ఫెడరల్ ధనం పుచ్చుకొనే ఏ సంస్థ కూడ జాతిని, వర్ణాన్ని, పూర్వికుల దేశాన్ని బట్టి ఎవరిపట్లా వివక్ష చూపరాదు. సుప్రీంకోర్టు 1954లోనే బడులలో వర్ణవిభజన చెల్లదన్నది. అయినా 1964–65 నాటికి దక్షిణాన ఉన్న పదకొండు రాష్ట్రాలలో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు నూటికి ముగ్గురైనా లేరు. 1965 తరువాత లెక్క మారినది. విభజన మానని బడికి నిధులు ఆగిపోతాయి. ఈ భయానికి న్యాయస్థానాల ఆజ్ఞలు తోడైనవి. 1970 నాటికి అదే ప్రాంతంలో నల్లపిల్లలలో నూటికి ముప్పదిమందికి మించి తెల్లపిల్లలు అధికంగా ఉన్న బడులలో చదువుతున్నారు. తీర్పు ఒంటరిగా పదేళ్ళలో చేయలేని పనిని, తీర్పూ నిధీ కలిసి ఐదేళ్ళలో చేసినవి.

అయితే షరతు వ్రాసినంతమాత్రాన ధనం బిడ్డకు చేరదు. 1969లో పౌరహక్కుల సంస్థలు జరిపిన పరిశీలనలో, పేద పిల్లలకై వచ్చిన సొమ్ము కొన్నిచోట్ల ఈతకొలనుల నిర్మాణం వంటి పనులకు మళ్ళినట్లు బయటపడినది. మరికొన్నిచోట్ల స్థానిక మండలులు తాము పెట్టవలసిన ఖర్చును తగ్గించుకొని, ఆ లోటును ఫెడరల్ ధనంతో పూడ్చినవి. 1970లో కాంగ్రెసు చట్టాన్ని సవరించి, ఈ ధనం స్థానిక ధనానికి అదనంగా ఉండాలే గాని దానికి బదులుగా ఉండరాదని స్పష్టం చేసినది. ప్రజాసంస్థలు లెక్కలు అడిగినవి గనుకనే ఆ సవరణకు దారి ఏర్పడినది.

ఇక మన కళాశాలకు మరింత ఆసక్తి కలిగించే విషయం భాష. కొటుల్లాలో పనిచేసిన రోజులలో జాన్సన్ బడిలో స్పానిష్ మాట్లాడకుండ కట్టడి చేసినట్లు జీవితచరిత్రకారులు వ్రాసినారు. ఆయనే 1968 జనవరి 2న ద్విభాషా విద్యా చట్టంపై సంతకం చేయడం విశేషం. ఇంగ్లీషు రాని పిల్లలకు బోధించే పద్ధతులకు ఫెడరల్ ధనం లభించినది ఆ చట్టంతోనే. కాని ఆ ధనాన్ని కోరడమా, మానడమా అన్నది స్థానిక మండలుల ఇష్టం.

శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా సంతతి పిల్లలలో ఇంగ్లీషు రానివారు 2,800కు పైగా ఉండేవారు. వారిలో సుమారు వేయిమందికి ప్రత్యేక బోధన అందగా, 1,800 మందికి ఏమీ అందలేదు. అందరికీ ఒకే గది, ఒకే పుస్తకం, ఒకే ఉపాధ్యాయుడు ఇచ్చినాము గనుక వివక్ష లేదని మండలి వాదించినది. 1974లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. పాఠం అర్థం కాని బిడ్డకు ఒకే పుస్తకం ఇవ్వడం సమానత్వం కాదని, ఫెడరల్ ధనం పుచ్చుకొన్న మండలి భాషాభేదంవల్ల బిడ్డ చదువుకు దూరం కాకుండ చూడవలసినదేనని జస్టిస్ విలియం డగ్లస్ వ్రాసిన తీర్పు సారాంశం. ఈ తీర్పునకు ఆధారమైనది కూడ పైన చెప్పిన ఆరవ అధ్యాయమే. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులకు రాజ్యాంగం ఇవ్వలేని రక్షణను ఒక సంవత్సరం తరువాత చైనా పిల్లలకు నిధుల షరతు ఇచ్చినది.

ఉపాధ్యాయులను, అక్షరాస్యతను కూడ ఈ చట్టాలు విస్మరించలేదు. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం పేద ప్రాంతాలలో పనిచేసే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే నేషనల్ టీచర్ కోర్‌ను నెలకొల్పినది. 1966 నాటి చట్టం వయోజన విద్యకు నిధులిచ్చినది. 1975లో వికలాంగ బాలల విద్యకు చట్టం వచ్చినది. వారి బోధనకయ్యే అదనపు ఖర్చుకై, దేశంలో ఒక్కొక్క విద్యార్థిపై సగటున అయ్యే ఖర్చులో నూటికి 40 వంతులవరకు ఇవ్వవచ్చునని కాంగ్రెసు అందులో వ్రాసుకొన్నది. ఆ మేరకు ధనం ఏ సంవత్సరమూ రాలేదు. హక్కు పూర్తిగా ఇచ్చి ధనం సగమైనా ఇవ్వకపోవడంవల్ల ఆ భారం రాష్ట్రాలమీద, స్థానిక మండలులమీద పడినది.

షరతు మితిమీరితే ఏమగునో 2002 జనవరి 8న వచ్చిన 'ఏ బిడ్డా వెనుకబడరాదు' అనే చట్టం చూపినది. మూడవ తరగతినుంచి ఎనిమిదవ తరగతివరకు ఏటేటా పఠనంలో, గణితంలో పరీక్షలు పెట్టాలని, 2014 నాటికి అందరు పిల్లలూ నిర్ణీతస్థాయిని అందుకోవాలని అది విధించినది. పేద, నల్ల, ఇంగ్లీషు రాని పిల్లల ఫలితాలను విడివిడిగా ప్రకటించవలసి వచ్చినందున, సగటు లెక్కలో దాగిన వెనుకబాటు వెలుగులోకి వచ్చినది. ఇది మేలే. కాని పరీక్షలో లేని విషయాలకు చాలా బడులలో గంటలు తగ్గినవి. ద్విభాషా విద్యా చట్టం స్థానంలో ఇంగ్లీషు నేర్పడమే లక్ష్యమైన అధ్యాయం వచ్చినది. 2014 వచ్చినది, లక్ష్యం రాలేదు. 2015 డిసెంబరు 10న వచ్చిన కొత్త చట్టం పరీక్షలను ఉంచి, ఫలితాలపై చర్య తీసుకొనే అధికారాన్ని చాలావరకు రాష్ట్రాలకు తిరిగి ఇచ్చినది. 1980లో పని ప్రారంభించిన ఫెడరల్ విద్యాశాఖనే మూసివేసే దిశగా చర్యలు తీసుకొనవలసినదని 2025 మార్చి 20న అధ్యక్షుడు ఉత్తర్వు చేసినారు. విద్య ఎవరి పని అన్న రెండు శతాబ్దాల వాదం ఇట్లు మళ్ళీ మొదటికి వచ్చినది.

మన రాజ్యాంగం ఈ విషయంలో అమెరికావలె మౌనంగా లేదు. విద్య మొదట రాష్ట్రాల జాబితాలో ఉండగా, 1976 నాటి 42వ సవరణ దానిని ఉమ్మడి జాబితాలోకి తెచ్చినది. ప్రభుత్వం సహాయమిచ్చేటప్పుడు అల్పసంఖ్యాకుల యాజమాన్యంలో ఉన్నదన్న కారణంతో ఏ విద్యాసంస్థపట్లా వివక్ష చూపరాదని 30వ అధికరణం శాసిస్తున్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని 1956లో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. అమెరికాలో ఒక నగరపు తల్లిదండ్రులు సుప్రీంకోర్టుదాక వెళ్ళి నిధుల షరతునుంచి రాబట్టుకొన్నదానిని మన రాజ్యాంగం ముందే అక్షరాలలో పెట్టినది.

అక్షరాలలో ఉన్నది తరగతిగదికి చేరాలంటే ఏమి కావాలో పై చరిత్ర చెబుతూనే ఉన్నది. నిధి ఎంత అన్నదానికంటె దానికి ఏ షరతు ఉన్నదన్నది ముఖ్యం. షరతుకంటె దానిని చదివి, లెక్క అడిగే మనిషి ముఖ్యం. మన విద్యార్థులలో రేపు ఉపాధ్యాయులు, న్యాయవాదులు, గుమాస్తాలు, తల్లిదండ్రులు కానున్నవారు ఉన్నారు. మన వీధిబడికి ఏ పద్దు క్రింద ఎంత వచ్చినది, ఉర్దూ ఉపాధ్యాయుని ఖాళీ ఎన్నాళ్ళుగా ఉన్నది, తెలుగు పుస్తకం ఏ నెలలో అందినది – ఈ చిన్న ప్రశ్నలు అడగడం నేర్చినప్పుడే మనం చదివిన చదువునకు సార్థకత.